గూడుబండిలో విష్ణ్వాలయానికి



అమెరికాలో విష్ణ్వాలయం అనగానే మనవారిలో చాలామందికి పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడి తలపునకు వస్తుంది. నేను చెప్పబోయేది ఆ గుడి కాదు. దీనికి స్థపతి లేడు, అర్చకుడు లేడు, హుండీ అసలే లేదు. అరిజోనా రాష్ట్రంలో, గ్రాండ్ కాన్యన్ అనే మహాగర్తంలో, సముద్రమట్టానికి 2,296 మీటర్ల ఎత్తున నిలిచిన ఒక రాతిశిఖరమది. భూపటంలో దాని పేరు అచ్చంగా 'విష్ణు టెంపుల్'. చెంతనే రామునికీ కృష్ణునికీ చెరొక శిఖరమున్నది. మరికొంత పడమటగా బ్రహ్మ, మను, బుద్ధ, ఆపైన శివ. ముప్పది యేండ్లు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, ఈ సంగతి అరవై దాటేదాకా తెలియలేదు.

తెలిసిన విధమిది. మా అబ్బాయి ఫీనిక్స్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. 2023 అక్టోబరులో నేనూ నా శ్రీమతీ అక్కడ ఉండగా, పది రోజులు సెలవు పెట్టి, ఒక 'క్యాంపరు' అద్దెకు తెచ్చినాడు. క్యాంపరు అంటే లారీ వంటి బండి మీద కట్టిన ఇల్లు. పడకలు, పొయ్యి, చిన్న ఫ్రిజ్జు, స్నానాల గది, నీళ్ళ తొట్టి, అన్నీ అందులోనే. మా ఆవిడ దాని చుట్టూ ఒకమారు తిరిగి వచ్చి, "మళ్ళా గూడుబండేనా?" అన్నది.

ఆ మాటకు అర్థం నాకు తప్ప కొడుకుకూ కోడలుకూ తెలియలేదు. 1983లో మా పెండ్లి అయినప్పుడు వాళ్ళ ఊరికి బస్సు లేదు. కంబదూరుకు ఆమెను గూడుబండిలోనే తెచ్చినాము. వెదురు తడికెలు వంచి కట్టిన గూడు, లోపల వరిగడ్డి, దాని మీద జంపఖానా, బండి కింద వేలాడే కందెన గొట్టం. దారిలో వంకలో బండి ఆపి, మూడు రాళ్ళు పెట్టి మా మేనత్త అన్నం వండినది. నలభై యేండ్ల పిమ్మట మా ఇద్దరి రెండవ గూడుబండి ప్రయాణం ఇది. ఈసారి గూడు ఇనుపది, ఎద్దులకు బదులు పెట్రోలు, తోలేవాడు కొడుకు.

ఇంటిని వెంట వేసుకొని తిరగడం అమెరికావారి కొత్త సరదా అనుకొంటే పొరపాటు. మన వీరాస్వామయ్యగారు ఉన్నారు గదా! ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటరు. 1830 మే 18న కుటుంబంతో, సుమారు నూరుమంది పరివారంతో కాశీకి బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, కర్నూలు, హైదరాబాదు, నాగపూరుల మీదుగా మజిలీ మజిలీకీ డేరాలు వేసికొంటూ నడిచి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరినాడు. ఏ ఊళ్ళో నీళ్ళు బాగుంటవి, ఎక్కడ సరుకులు దొరుకుతవి, దారి ఇసుకా రాయా అన్నవి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు వ్రాసి పంపినాడు. అదే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయినది. ఆయనకు ముందు మా సీమలో డేరాల్లో కాపురమున్నవాడు థామస్ మన్రో. దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా 1800 నుండి 1807 దాకా ఆయన బంగళాలో కన్నా గుడారంలో నిద్రించిన రాత్రులే ఎక్కువ. ఊరూరా తిరిగి భూమి కొలిపించి రైతువారీ పన్ను నిర్ణయించినాడు. కడకు 1827లో, గవర్నరుగా ఉండి, పత్తికొండ వద్ద మకాములోనే కలరా సోకి పోయినాడు. గుత్తిలో పూడ్చి, తరువాత చెన్నపట్నం తీసికొని పోయినారు.

అమెరికావారి బండి కథ వేరు. 1840ల నుండి రైలుమార్గం పూర్తయిన 1869 దాకా లక్షలాది జనం గుడ్డగూడు వేసిన బండ్లతో పడమటికి నడిచినారు. ఆ బండ్లను ఎక్కువగా లాగినవి గుర్రాలు కావు, ఎద్దులు. ఈ సంగతి మా ఆవిడకు చెబితే ఎంతో తృప్తిపడినది. బండి నిండా సామాను గనుక మనుషులు పక్కన నడిచేవారట. పిమ్మట మోటారు వచ్చినది. 1910లో పియర్స్-యారో అనే కంపెనీవారు వెనుక సీటు పడకగా మారే కారును, చేతులు కడుగుకొనే తొట్టితో సహా తయారుచేసినారు. అది ధనికుల వేడుక. 1919లో ఫ్లోరిడాలో 'టిన్ క్యాన్ టూరిస్టులు' అని సంఘం కట్టుకొన్నవారు మాత్రం మనబోటివారే. పాత ఫోర్డు కారుకు గుడ్డ కట్టి, డబ్బాలలోని కూడు తింటూ తిరిగేవారు. ఆ తరువాత 1930లలో దుర్భిక్షం వచ్చి, ఓక్లహామా ప్రాంతపు నేలలు దుమ్మై లేచిపోయినప్పుడు, అదే రకం కార్లలో వేలాది రైతు కుటుంబాలు పరుపులు, కుండలు కట్టుకొని కాలిఫోర్నియాకు వలస పోయినవి. మేము ప్రయాణించిన విలియమ్స్, ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణాలు ఆ వలసదారి మీదివే. ఒకే రోడ్డు మీద, ఒకే రకం బండిలో, ఒకరు వినోదానికీ మరొకరు గంజికీ పోయినారు.

నా చిన్నతనంలో కరువు సంవత్సరాన మా నాయన కూడ బండికి గూడు కట్టి, ఎద్దులను మేపుకొనే నిమిత్తం పావగడ దిక్కుకు తీసికొని పోయిన జ్ఞాపకమున్నది. మేము పిల్లలం అది జాతర అనుకొన్నాము.

ఇక ప్రయాణం. మొదటి రోజే ఒక చిక్కు. అద్దెకిచ్చిన వారు తొట్టి నిండా నీళ్ళున్నవని చెప్పినారుగాని, ఫీనిక్స్ దాటి గంట పోయిన పిమ్మట కొళాయి తిప్పితే చుక్క లేదు. అబ్బాయి వారికి ఫోను చేసి చాలాసేపు ఆంగ్లంలో కోపపడినాడు. ఫలితం శూన్యం. ఒక పెట్రోలు బంకులో నీళ్ళు పట్టుకొన్నాము. అప్పటి నుండి నీళ్ళ పెత్తనం మా ఆవిడ తీసికొన్నది. ఆ బండిలో మంచినీళ్ళకొక తొట్టి, వాడిన నీళ్ళకొకటి, మరుగుదొడ్డికొకటి. ఎంత ఉన్నదో గోడమీద దీపాలు చూపుతవి. కంబదూరులో రాత్రి రెండు గంటలకు త్రీఫేజు కరెంటు వస్తే లేచి బోరుకాడికి పోయిన మనిషి ఆమె. బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు, గిన్నెలు కడిగిన నీళ్ళు పడేయడానికి వీలులేదు గనుక దానికి ముందే గుడ్డతో తుడవడం. ఒకటిన్నర రోజులో అయిపోతవని అబ్బాయి లెక్కవేసిన నీళ్ళు నలుగురికి నాలుగు రోజులు వచ్చినవి. "అమ్మా, ఇదేం మాయ?" అన్నాడు వాడు. "మాయ కాదు నాయనా, కల్యాణదుర్గం తాలూకా" అన్నది.

గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచుకు సాయంత్రానికి చేరినాము. మేము దిగిన బస పేరు మాథర్ క్యాంప్‌గ్రౌండ్. 1916 ఆగస్టు 25న ఏర్పడిన జాతీయోద్యానాల శాఖకు తొలి అధిపతి స్టీఫెన్ మాథర్ పేరది. ఉద్యానాలలోకి మోటారుకార్లను రప్పించి, జనాన్ని రప్పించి, జనం ద్వారా శాసనసభ నుండి డబ్బు రప్పించిన చతురుడు. అంతకు ముందు ఆ తోటలలోకి కారు రానివ్వడమే పెద్ద తగవు. యోసెమిటీలో 1913లో, యెల్లోస్టోన్‌లో 1915లో గాని అనుమతి దొరకలేదు. గ్రాండ్ కాన్యన్‌కు మాత్రం 1902లోనే ఒక ఆవిరికారు వచ్చినది. కొన్ని గంటల దారి అనుకొన్నది రోజుల తరబడి పట్టినదట.

మరునాడు ఉదయం అంచున నిలబడినాము. నాకు వర్ణన చేతకాదు. పొడవు 446 కిలోమీటర్లు, కొన్ని చోట్ల వెడల్పు 29, లోతు ఒకటిన్నర కిలోమీటరు పైచిలుకు. అంకెలు చెప్పి ఊరకుంటాను. ప్రబంధకవులు చూసి ఉంటే ఏమి వ్రాసేవారో అనుకొంటూ ఉండగా కోడలు ఫోనులో పటం చూపి, "మామా, అదిగో మీ విష్ణుమూర్తి గుడి" అన్నది.

ఈ పేర్లు పెట్టినవాడు క్లారెన్స్ డటన్. సైన్యంలో కెప్టెను, భూగర్భశాస్త్రవేత్త. 1862 యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకొని, 1869లో ఒంటిచేతితో కొలరాడో నదిని పడవల మీద దాటిన జాన్ వెస్లీ పవెల్ ఇతనికి పై అధికారి. లోయలోని శిఖరాలకు యూరపు వాస్తుశాస్త్రంలో పోలిక లేదనీ, అంతస్తులు అంతస్తులుగా పైకి పోయే ఆ ఆకారాలు ప్రాగ్దేశపు కోవెలలను తలపిస్తున్నవనీ డటన్‌కు తోచినది. విష్ణు, శివ నామాలు ఆయనవి. వెనుక వచ్చిన పటకర్తలు ఆ బాణీ పట్టుకొని బ్రహ్మను, మనువును, జొరాస్టరును, ఈజిప్టు దేవతలను కూడ అక్కడ ప్రతిష్ఠించినారు. పోలిక అబద్ధం కాదు. అడ్డపొరలుగా ఉన్న సున్నపురాయి, ఇసుకరాయి, ప్రతి పొరా కింది పొరకన్నా కొంత లోపలికి తగ్గి ఉండటం చూస్తే విమానం తలపునకు రాక మానదు. పొద్దు వాలే వేళ నీడలు పడితే కంఠం, కపోతం కూడ వేరువేరుగా తెలుస్తవి.

డటన్ గ్రంథం అచ్చయినది 1882లో. ఆ సంవత్సరం చూడగానే నేను ఉలిక్కిపడినాను. బళ్ళారి నుండి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పరచినది కూడ 1882లోనే. అప్పటికి ధాత కరువు (1876–78) పోయి నాలుగేండ్లు. మా జిల్లా పుట్టిన యేడే వాళ్ళ లోయలో మా దేవుళ్ళు పుట్టినారన్నమాట. 1882లో జరిగిన మూడవ సంగతి ఒకటున్నది, కాస్త ఆగి చెబుతాను.

పేరు విష్ణువుదైనా, నాకు ఎక్కువ పట్టుబడినది శిఖరం కాదు, అడుగున ఉన్న రాయి. నది ఒరుసుకొని పోయే నల్లని రాతికి 'విష్ణు షిస్ట్' అని పేరు. వయస్సు 170 కోట్ల సంవత్సరాలకు పైమాట. పర్యాటకులు ఆ అంకె విని నోరు తెరుస్తారు. నేనూ తెరిచినాను. ఆ రాత్రి అబ్బాయి కంప్యూటరులో చూస్తే తెలిసినది. మా అనంతపురం పీఠభూమి ధార్వాడ శిలాఖండంలో భాగం. మా పొలం గట్టున ఉన్న గుండ్లు సుమారు 250 కోట్ల యేండ్లవి. పక్కనున్న రామగిరి బంగారు గనుల రాళ్ళు ఇంకా పాతవి. అంటే గ్రాండ్ కాన్యన్ అట్టడుగు రాయి పుట్టేనాటికి, నేను చిన్నప్పుడు జారుడుబండ ఆడిన గుండు వయస్సు 80 కోట్ల యేండ్లు! చూడడానికి వేల మైళ్ళు వచ్చినాము. మా ఆవిడ, "ఆ గుండు మీదనేగా శెనక్కాయలు ఎండబోసేది" అన్నది.

మా ఊరి గురించి ఒక మాట. కంబదూరులో మల్లికార్జునస్వామి ఆలయమున్నది. అక్కడి పాత గుళ్ళలో జైనుల జాడలు కనబడుతవి. ఒకరి బసది మరొకరి కోవెల అయినది. కంబమంటే స్తంభం గనుక ఊరి పేరు ఏ మానస్తంభం వల్లనో వచ్చి ఉంటుందని నా ఊహ, ఊహ మాత్రమే. దేవుళ్ళ పేర్లు మారడం మా ఊరికి కొత్త కాదని చెప్పడానికి ఇది ఎత్తినాను.

శివుని శిఖరానికి ఒక వినోదకథ కూడ ఉన్నది. 1937లో న్యూయార్కు మ్యూజియంవారు హెరాల్డ్ ఆంటొనీ నాయకత్వాన ఒక దళాన్ని దానిపైకి ఎక్కించినారు. చుట్టూ లోయ ఉండుటచేత వేల యేండ్లుగా వేరుపడిన జంతువులు అక్కడ వేరే రూపు దాల్చి ఉంటవని వారి ఆశ. పత్రికలు రాక్షసిబల్లుల దాకా పోయినవి. తీరా చూస్తే మామూలు ఎలుకలు, ఉడుతలు. పైగా ఒక ఖాళీ ఫిల్ము డబ్బా! లోయ అంచున ఫోటోస్టూడియో నడిపే ఎమరీ కోల్బ్ అంతకు ముందే ఎక్కి దిగినాడు. దళంలో తనను చేర్చుకోలేదన్న ఉక్రోషం ఆయనది. ఆదివాసుల పనిముట్ల ఆనవాళ్ళు కూడ దొరికినవి. ఎవరూ ఎక్కని కొండ అని మనం అనుకొన్న ప్రతి చోటా ఎవరో ఒకరు పొయ్యి వెలిగించి ఉంటారు.

ఇక 1882 నాటి మూడవ సంగతి. ఆ లోయలో హవసుపాయి అనే జాతివారున్నారు. వేసవిలో లోయ అడుగున మొక్కజొన్న, చిక్కుడు పండించుకొని, చలికాలం పైనున్న పీఠభూమి మీద వేటాడుకొంటూ తరతరాలు బ్రతికినవారు. 1882లో ప్రభుత్వం వారికి 518 ఎకరాలు మాత్రం కేటాయించి, మిగిలిన నేల అంతా వారిది కాదన్నది. మా కంబదూరులో పెద్ద రైతు ఒకడికి ఉండగలిగిన భూమి, ఒక జాతి మొత్తానికి. 1908లో థియొడోర్ రూజ్‌వెల్ట్ కాన్యన్‌ను జాతీయ స్మారకం చేసినాడు, 1919లో అది జాతీయోద్యానమైనది. దక్షిణపు అంచు కింద ఒక నీటిచెలమ ఉన్నది, చుట్టూ చెట్లు. అక్కడ తోటలు వేసుకొన్న హవసుపాయిలలో కడపటివారిని 1928లో వెళ్ళగొట్టినారు. ఆ చోటికి పెట్టిన పేరేమో 'ఇండియన్ గార్డెన్'! మనుషులను పంపి పేరు మాత్రం ఉంచుకొన్నారు. 1975లో ఒక చట్టం ద్వారా సుమారు 1,85,000 ఎకరాలు తిరిగి ఇచ్చినారు. చెలమ పేరు 'హవసుపాయి గార్డెన్స్' అని మార్చినది 2022లో.

యెల్లోస్టోన్ కథ కూడ ఇట్టిదే. 1872 మార్చి 1న ఏర్పడిన తొలి జాతీయోద్యానమది. అక్కడ కొండగొర్రెలను వేటాడుకొనే టుకుడికా జనాన్ని ఆ దశకం చివరకు బయటికి పంపి, ఆదివాసులు వేడినీటి బుగ్గలకు భయపడి ఆ దిక్కుకే రారని ప్రచారం చేసినారు. శ్రీశైలం వెళ్ళే దారిలో చెంచుపెంటలు చూసినవారికి ఇది కొత్తగా తోచదు. నల్లమల పులుల అభయారణ్యమైన పిమ్మట చెంచువాడు తన అడవిలో తానే చీటీ చూపవలసిన అతిథి అయినాడు. పులి బ్రతకాలి, నిజమే. చెట్టు ఉండాలి, నిజమే. కాని ఎవరు లేకుండా పోతే అడవి అందంగా ఉంటుందన్న తీర్పు మాత్రం ఎల్లప్పుడూ అడవిలో లేనివారే ఇస్తారు.

ఆ రాత్రి బండిలో ఇదంతా చెప్పినాను. మా ఆవిడ చపాతీ పిండి కలుపుతూ విని, ఒకటే ప్రశ్న వేసినది. "మరి వాళ్ళు పెద్దలకు ఎక్కడ పెట్టుకుంటారు?"

నేను జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న హవసుపాయిలది మాత్రమే కాదని ముగ్గురికీ తెలుసు. మాకు నాలుగెకరాల మెట్టభూమి ఉన్నది. ఏడు బోర్లు వేసినాము, ఆరు ఎండినవి. సౌరవిద్యుత్తు కోసమని బేరం వచ్చి ఉన్నది. "నాయనా, అమ్మేసి ఇక్కడికే వచ్చేయండి, ఆ నేలలో ఏముంది?" అని అబ్బాయి రెండేండ్లుగా అంటున్నాడు. ఆ నేల ఈశాన్యపు మూలన మా నాయన, మా అమ్మ, మా తాతల సమాధులున్నవి. వాడి మాటలో తప్పు లేదు. వాడు చదువుకొన్నది ఆ నేల మీద చేసిన అప్పుతోనే, ఆ అప్పు తీర్చినది కూడ వాడే.

అక్కడి నుండి తూర్పుగా డెజర్ట్ వ్యూ మీదుగా, నవాహో జాతివారి నేల దాటి, యూటా రాష్ట్రంలోని బ్రైస్ కాన్యన్ చేరినాము. అక్టోబరు 14, శనివారం. ఆ రోజు పెద్దల అమావాస్య. దానికి తోడు సూర్యగ్రహణం, కంకణగ్రహణం. చంద్రుని నీడ సరిగ్గా బ్రైస్ మీదుగా పోతున్నది గనుక ఎక్కడెక్కడి జనమో వచ్చి ఉన్నారు. నల్ల అద్దాలు పెట్టుకొని అందరూ బయట, మా ఆవిడ మాత్రం లోపల. తినుబండారాల మీద గరిక వేయాలన్నది. అబ్బాయి, "అమ్మా, ఇక్కడ గడ్డిపరక పీకినా జరిమానా వేస్తారు" అన్నాడు. చివరకు కోడలు తెచ్చుకొన్న కొత్తిమీర కట్టనుండి రెండు కాడలు తీసి ఊరగాయ సీసా మీద పెట్టినాము. శాస్త్రం ఒప్పుకొంటుందో లేదో పండితులు నన్నడగవద్దు. పదిన్నర ప్రాంతంలో సూర్యుడు గాజుకంకణమైనాడు. మూడు నాలుగు నిముషాలు. చలి పెరిగినది. జనం ఈలలు వేసినారు.

బ్రైస్‌లో లోయ అంతటా ఎర్రని రాతిస్తంభాలు వేలకొలది నిలబడి ఉంటవి. అక్కడి పయూట్ జాతివారు చెప్పే కథ ప్రకారం అవన్నీ ఒకప్పుడు మనుషులు. చెడు నడత వల్ల నక్క జాతి దేవుడొకడు వారిని రాళ్ళు చేసినాడట. మన అహల్య ఒక్కతే, వీరు ఊరంతా. పైగా విడిపించడానికి ఏ రాముడూ రాలేదు. తోటకు పేరిచ్చిన ఎబనేజర్ బ్రైస్ ఆవులు మేపుకొనే గృహస్థుడు. ఆవు తప్పిపోతే వెదకడానికి ఇంతకన్నా పాపిష్టి చోటు లేదని అన్నాడని చెబుతారు. అంతమంది సౌందర్యోపాసకుల వర్ణనలకన్నా నాకు ఈ మాటే నచ్చినది. పశువులున్నవాడి మాట అది.

గ్రహణం విడిచిన పిమ్మట మా ఆవిడ స్నానం చేసి వంట చేసినది. నాలుగు రోజులుగా మిగిల్చిన నీళ్ళు ఆ స్నానానికేనని అప్పుడు తెలిసినది. అన్నం, పప్పు, వంకాయ కూర, ఇంత పాయసం. కాగితపు విస్తరిలో పెద్దలకు పెట్టి దండం పెట్టుకొన్నాము. కాకికి పెట్టవలె. అక్కడ కాకులకు కొదువ లేదు. మన కాకికి రెండింతలుండే మాలకాకి ఒకటి పక్క బల్ల మీదనే కూర్చుని మమ్మల్నే చూస్తున్నది. కాని అడవి ప్రాణికి మెతుకు పెట్టడం ఆ తోటలలో నేరం. ఆ నియమానికి చరిత్ర ఉన్నది. యెల్లోస్టోన్ హోటళ్ళవారు ఒకప్పుడు ఎంగిలి కూడును ఎలుగుబంట్లకు పోసి, చుట్టూ బల్లలు వేసి జనానికి వేడుక చూపేవారు. 1940లలో గాని ఆ తమాషా ఆగలేదు. ఎంగిలికి మరిగిన ఎలుగు మనుషుల మీదికి వచ్చేది. దానిని కాల్చిచంపేవారు. కనుక నియమం న్యాయమైనదే. న్యాయమైనదని ఆమెకూ చెప్పినాను. ఆమె విస్తరిని కిటికీ లోపల, గాజుకు ఆనించి పెట్టినది. కాకి బయట, కూడు లోపల, మధ్యన గాజు. చాలాసేపు అట్లే ఉన్నవి. తరువాత కాకి లేచిపోయినది.

మేము తిన్నాము. ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

జయాన్ గురించి త్వరగా ముగిస్తాను. 1930లో తవ్విన 1.1 మైళ్ళ సొరంగంలో దూరాలంటే మా బండి ఎత్తు ఎక్కువ. 15 డాలర్లు కట్టించుకొని, ఎదుటి బండ్లన్నీ ఆపి, నడిదారిన పంపినారు. జీవితంలో నాకు కలెక్టరు మర్యాద జరిగినది అదొక్కటే. 1909లో ఆ లోయకు పయూట్ పేరైన ముకుంతువీప్ అనే పెట్టినారు. పలకడం కష్టమని 1918లో జయాన్ అని మార్చినారు. 'ముకుంద' శబ్దం వినబడుతున్నదని సంబరపడబోయి నన్ను నేనే మందలించుకొన్నాను. ధ్వనిసామ్యం పట్టుకొని చరిత్ర వ్రాసేవారు మనలో ఇప్పటికే ఎక్కువైనారు.

ఆ తోటలలో నడకదారులు, రాతిగోడలు, వంతెనలు అనేకం 1933–42 మధ్య రూజ్‌వెల్ట్ (రెండవ వాడు, ఫ్రాంక్లిన్) ఏర్పరచిన యువజన దళాలు కట్టినవి. పని లేని పిల్లలకు కూడు, కూలి ఇచ్చి చేయించిన పనులు. మాకు తెలిసిన భాషలో కరువు పనులు. మా జిల్లాలో కరువు పనికి తవ్విన గుంటలు, పోసిన రోడ్లు చూస్తూ పెరిగినాను. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకానికి 2006 ఫిబ్రవరి 2న మన్మోహన్ సింగ్ నాంది పలికినది మా జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. అక్కడి గోడలకు పేరుపలకలున్నవి. మా గుంటలకు లేవు.

చివరి మజిలీ హూవర్ డ్యామ్. 1935లో ప్రారంభోత్సవం, 221 మీటర్ల ఎత్తు. వెనుక జలాశయపు రాతిగోడల మీద తెల్లని చార కనబడుతుంది. ఒకప్పుడు నీళ్ళు అంతదాకా ఉండేవని గుర్తు. 2022 జూలైలో, నింపిన నాటి నుండి ఎన్నడూ లేనంతగా మట్టం పడిపోయినది. 1922లో ఏడు రాష్ట్రాలు కొలరాడో నీళ్ళు పంచుకొన్నవి. లెక్కకు పట్టిన యేండ్లు మంచి వానల యేండ్లు. నదిలో లేని నీళ్ళను కాగితం మీద పంచినారు. కృష్ణా, తుంగభద్రల తగవులు తెలిసిన మనకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. ఒక విచిత్రం మాత్రం చెబుతాను. మా అనంతపురానికి ఏటా వచ్చే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచుకు, బ్రైస్‌కు నాలుగు వందలకు అటూఇటూ. ఫీనిక్స్‌కు రెండు వందలు కూడ రావు. మాకన్నా ఎండుచోట వాళ్ళు యాభై లక్షల జనం నివసించే నగరప్రాంతం కట్టుకొన్నారు. అక్కడికి మా అబ్బాయి, నీళ్ళు లేవని మా ఊరు వదలి, చేరినాడు! ఈ మాట వాడితో అంటే నవ్వి, "అక్కడ కొళాయి తిప్పితే వస్తాయి నాయనా" అన్నాడు. మా పేరూరు ఆనకట్ట నిండుగా ఉండగా నా ఉద్యోగకాలంలో ఎన్ని మార్లు చూసినానో వేళ్ళ మీద లెక్కించవచ్చు. పెన్నలో మాకు దొరికేది ఇసుక. వాడి మాటకు నా వద్ద జవాబు లేదు.

అదే రాత్రి, ఫీనిక్స్‌కు తిరిగి వచ్చే దారిలో, మా ఆవిడ ముందు సీటులో ఉన్న కొడుకుతో, "అమ్ముదాం నాయనా" అన్నది. నేను నిద్రపోతున్నాననుకొన్నది కాబోలు. "అమ్ముదాం, కాని అంతా కాదు."

డిసెంబరులో తిరిగి వచ్చినాము. సంక్రాంతి తరువాత మూడెకరాలు రిజిస్టరు చేసినాము. ఈశాన్యపు ఎకరా ఉంచుకొన్నాము. దస్తావేజు వ్రాసేవాడు ఇది మామూలు ఫారమేనని, వేలిముద్ర వేస్తే చాలునని తొందరపెట్టినాడు. ఆమె సంతకం చేయగలదు, చేయలేదు. అమ్మిన నేలలో నుండి సమాధుల దాకా పోవడానికి దారి కాగితంలో పడాలని పట్టుబట్టినది. కొన్నవారు నడవడానికి మూడడుగులు ఇస్తామన్నారు. ఆమె పన్నెండడుగులు అడిగినది. ఎందుకంత అని వారు విస్తుపోతే, బండి పట్టాలన్నది. ఏ బండి అని ఎవరూ అడగలేదు. రెండు గంటలు పంచాయతీ జరిగి, పన్నెండడుగులే వ్రాసినారు, తూర్పు పడమరల హద్దులతో సహా.